రాలేదన్న కార్డు

కార్డు రాలేదని మా ఆయన చెప్పిన ప్రతి మాపటేళా నేను జమ్మలమడుగు ఆసుపత్రోళ్ళను తిట్టేదాన్ని. ఒక కార్డు ముక్క రాసి పడేయడానికి వాళ్ళకు చేతులు పడిపోయినాయా అనేదాన్ని. మా ఆయన పైగుడ్డ తీసి కొక్కేనికి తగిలించి, కాళ్ళు కడుక్కోని, నేను వేసిన పీట మీద కూర్చోని, "పేదోళ్ళంటే అంతే లేమ్మే, వాళ్ళకు మనమొక లెక్కనా" అనేవాడు. ఆ మాటకు నాకు ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చేది. నాతోపాటు కూర్చోని నాతోపాటు తిట్టే మనిషి ఒకడుండాడు గదా అనుకునేదాన్ని. ఆ కోపంలో ఒక ముద్ద ఎక్కువే పెట్టేదాన్ని ఆయనకు.

ఆంధ్ర రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి అప్పటికి ఎన్నో ఏండ్లు కాలేదు. మా ఆయన పులివెందుల బడిలో పంతులు. బడి గోడకు కొత్త రాష్ట్రం పటం తగిలించినారని, పిల్లోళ్ళకు మళ్ళీ మొదట్నించి జిల్లాలు నేర్పించాల్సి వస్తాందని చెప్పుకోని నవ్వేవాడు. మాకు ఒక్కతే కూతురు, అప్పుడు తొమ్మిదేండ్లది. నాకు ముప్పైరెండో ముప్పైమూడో.

నా పుట్టినిల్లు ప్రొద్దుటూరు, మగ్గాల వీధి. మా అమ్మకు అక్షరం ముక్క రాదు. నేతగాళ్ళ సంఘంలో నూలు తెచ్చుకునేదానికి పోతే ఎడమ బొటనవేలు ఊదా ఇంకులో అద్ది పుస్తకంలో ముద్ర ఏసేది. ఇంటికొచ్చినాక ఆ వేలును గోడకు రుద్దుకునేది. మా గోడ మీద ఊదా మరకలు ఎప్పుడూ ఉండేవి. నేనూ అట్లే వేలిముద్ర మనిషినే అయ్యేదాన్ని. పెండ్లినాటికి నాకు అ ఆ లు కూడా సరిగా రావు. కాపురానికొచ్చినాక మా ఆయనే పలక కొనుక్కొచ్చి, నా వెనక కూర్చోని, నా చెయ్యి పట్టుకోని నా పేరు రాయించినాడు. చివరి అక్షరం తోకను నేను ఎప్పుడూ ఎడమపక్కకు పొడుగ్గా లాగేదాన్ని. అది తప్పని మొదట్లో కొట్టేసేవాడు, తర్వాత "పోనీలే, అది నీ సొంతం" అని వదిలేసినాడు. ఏడాది తిరిగేసరికి కథల పుస్తకాలు చదివేదాన్ని. ప్రొద్దుటూరికి పోయినప్పుడు సంఘం పుస్తకంలో మా అమ్మ తరఫున నేను సంతకం పెడితే, మా అమ్మ వీధి వీధంతా చెప్పుకోనొచ్చింది. మా ఆయన మంచితనం గురించి ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఆ పలక సంగతే.

ఆ ఎండాకాలం సెలవులకు నేనూ బిడ్డా ప్రొద్దుటూరికి పోయింటిమి. శనివారం తలంటి పోసుకుంటాంటే కుడి రొమ్ములో పక్కగా ఏదో చేతికి తగిలింది. చింతగింజంత. నొప్పి లేదు, సలుపు లేదు. రెండు దినాలు ఎవరికీ చెప్పలేదు. మూడో దినం మా అమ్మకు చెప్తే, చేత్తో తాకి చూసి మొహం మాడ్చుకునింది. మా వీధిలో ఒకామె ఇట్లాంటిదే దాచిపెట్టుకోని, అది పగిలి, వాసన వేసి, ఎవరూ దగ్గరికి పోకుండా అయి సచ్చిపోయింది. మా అమ్మ ఆమెకు కడిగిన మనిషి. "నొప్పి లేనిదే భయం" అని, మరుసటి దినమే నన్ను బస్సెక్కించి జమ్మలమడుగుకు తీసకపోయింది.

ఆడ ఒక డాక్టరమ్మ చూసింది. అరవ యాసతో తెలుగు మాట్లాడేది, తలెత్తకుండా రాసుకునేది, కానీ చెయ్యి మెత్తన. చిన్న ముక్క తీసి మద్రాసుకు పంపిస్తామనింది. పదైదు దినాల తర్వాత మళ్ళీ రమ్మనింది. పోయినాము. కాగితం చేతిలో పెట్టుకోని మా అమ్మతో మాట్లాడబోయింది. నేను ఊరుకోలేదు. "నా ఒంట్లో ఉండేది నాకు చెప్పండి. ఇది రాచపుండేనా?" అంటి.

డాక్టరమ్మ అప్పుడు నన్ను సరిగా చూసింది. "అవును" అనింది. "క్యాన్సర్ అంటారు. కానీ నువ్వు తొందరగా వచ్చినావు. ఇంత చిన్నగా ఉన్నప్పుడు మా దగ్గరికి ఎవరూ రారు. ఇప్పుడు తీసేస్తే నువ్వు మనవళ్ళను ఎత్తుకుంటావు."

తీసేయడమంటే రొమ్మంతా తీసేయడమని కూడా దాచకుండా చెప్పింది. నేను తల ఊపితిని. వచ్చే సోమవారం మంచం ఖాళీ అవుతుంది, పెద్ద డాక్టరు ఉన్నాడు, చేరిపో, ఇక్కడ సంతకం పెట్టు అని కాగితం, పెన్ను ముందుకు తోసింది.

ఇప్పటికీ ఆ పెన్ను నా కండ్ల ముందు ఉంది. సంతకం పెట్టేది వచ్చు. చెయ్యి కూడా చాపినాను. మా అమ్మ వెనకనించి నా భుజం గిల్లింది. "అల్లున్ని అడక్కుండా ఎట్లామ్మే? రేపు ఏమన్నా అంటే నేను ఏ మొహం పెట్టుకోవాల?" అనింది. నాకూ అదే న్యాయమనిపించింది. మొగుణ్ణి అడగకుండా కోక కొనుక్కున్నా తప్పే మాకు. నేను చెయ్యి వెనక్కు తీసుకోని, "మా ఆయన్ను ఒక మాట అడిగి వస్తాను" అంటి.

"ఒళ్ళు నీదే కదమ్మా" అనింది డాక్టరమ్మ. నేను నేలచూపులు చూసినాను. ఆమె పెన్ను మూత పెట్టేసింది. ఆ సోమవారం మంచం వేరొకామెకు పోయింది. పెద్ద డాక్టరు మళ్ళీ వచ్చే ముందర మంచాలు చూసుకోని కార్డు రాస్తామని, కార్డు అందిన మూడు దినాల్లో రావాలని, ముందర గుండీలుండే వదులు రవికలు రెండు కుట్టించుకోని తెచ్చుకోవాలని చెప్పింది. "తడవు చేయొద్దు. ఇది నిలబడి ఉండదు, పాకుతుంది" అని రెండుసార్లు చెప్పింది. అడ్రసు అడిగితే మా ఆయన బడి అడ్రసు ఇస్తిని. మా సందులో ఇండ్లకు నంబర్లు లేవు, మాకు ఉత్తరాలన్నీ బడికే వచ్చేవి.

పులివెందులకు వచ్చి మా ఆయనకు అంతా చెప్పితి. పైగుడ్డ తీసి పక్కన పెట్టినాడు. తర్వాత నా చెయ్యి పట్టుకోని, "నువ్వు బతికితే చాలు. కార్డు రానీ, నేనే తోడుకోని పోతా" అన్నాడు. నేను ఏడిస్తిని. అంతవరకు ఏడవలేదు.

ఇంక ఎదురుచూసేది మొదలైంది. పొద్దన్నే నీళ్ళు పోసుకునేటప్పుడు చింతగింజ ఎంతుందో తాకి చూసుకునేదాన్ని. చూడకూడదనుకుంటానే చూసేదాన్ని. కోసినాక కుడిచెయ్యి పైకెత్తలేనని డాక్టరమ్మ చెప్పింటే, ఎడమచేత్తో పనులు చేసేది అలవాటు చేసుకుంటిని. ఎడమచేత్తో బాయిలో నీళ్ళు చేదితే సగం కాళ్ళ మీదే పడేవి. ఎడమచేత్తో ముగ్గేస్తే కాకి తొక్కినట్ల ఉండేది, పక్కింటోళ్ళు నవ్వేవాళ్ళు. నా బిడ్డకు దాని జడ అదే అల్లుకునేది నేర్పించినాను. ఎసరు ఎంత పెట్టాల, ఉప్పు ఎంత వేయాల చెప్పినాను. అది తప్పు చేస్తే కొట్టేదాన్ని. "ఊరికే కొడతాండావే" అని ఏడిచేది. నేను సచ్చిపోతే నీకు జడ ఎవరు వేస్తారే అని నోటిదాకా వచ్చేది. మింగేదాన్ని.

పక్కింటి సాయిబు టైలరు. బడి గేటు ముందర చెట్టు కింద మిషన్ పెట్టుకోని కుట్టేవాడు. ఆడోళ్ళ రవికలు ఇంట్లో ఆయన భార్య కుట్టేది. ఆమెను నేను బీబీ అని పిలిచేదాన్ని, ఆమె నన్ను అక్కా అనేది. ముందర గుండీల రవికలు రెండు ఆమే కుట్టిచ్చింది. అవి ట్రంకుపెట్టెలో అన్నిటికంటే పైన పెట్టుకుంటిని, పిలిస్తే ఎత్తుకోని పోయేదానికి వాటంగా.

మాపటేళ మా ఆయన సందు మలుపు తిరగ్గానే ముందు ఆయన చేతులు చూసేదాన్ని. "వచ్చిందా?" "రాలేదు." ఒక్కోసారి నేను అడక్కముందే తల అడ్డంగా ఊపేవాడు. నెల దాటినాక నేనే ఒక కార్డు రాస్తిని. అమ్మా, నేను ఫలానా, మీరు కార్డు రాస్తామంటిరి, ఇంకా అందలేదు, నన్ను మరిచిపోవద్దు అని. అక్షరాలు కుదురుగా పెట్టి రాసి, బడికి పోయే దావలో డబ్బాలో ఎయ్యమని ఆయన చేతికిస్తి. ఆయన చదివి, "బాగా రాసినావే" అని జోబీలో పెట్టుకున్నాడు.

వేంపల్లె పక్క పల్లెలో గడ్డలకు పట్టు వేసే మనిషి ఒకాయన ఉండాడని, కార్డు వచ్చేలోపల ఊరికే ఉండేదానికంటే అది వేయించుకుంటే మంచిదని చెప్పింది కూడా మా ఆయనే. నేను వద్దంటి. "నష్టమేముంది? కరిగితే కోసే పనే ఉండదు గదా" అన్నాడు. సరే, ఆయన మనసెందుకు కష్టపెట్టాల అనుకుంటిని. శ్రావణమాసం శనివారం గండికి పోయి, ఆంజనేయస్వామికి ప్రదక్షిణాలు చేసి, ఆడినుంచి ఆ పల్లెకు పోయినాము. గండిలో పాపాఘ్ని ఏట్లో కాళ్ళు కడుక్కుంటాంటే మా ఆయన పక్కకు తిరిగి ఏడిచినాడు. భుజాలు అదిరిపోతాండాయి. నేనే ఆయనకు ధైర్యం చెప్పినాను. "ఏం కాదు లేండి, డాక్టరమ్మ బతుకుతావనింది గదా" అంటి. ఆయన ఇంకా ఎక్కువ ఏడిచినాడు.

పట్టు వేసినాయప్ప నల్లటి మందు ఆముదంలో నూరి, గుడ్డకు పూసి కట్టినాడు. నాలుగు దినాలు నిప్పు పెట్టినట్ల మండింది. బొబ్బలు లేచి తోలు ఊడొచ్చింది. లోపల గడ్డ లోపలే ఉంది. తాకి చూస్తే చింతగింజ కాదు, రేగిపండంత అయింది. మా ఆయన ఇంకొక పట్టు వేద్దామన్నాడు. ఆ పొద్దు మొదటిసారి ఆయనకు గట్టిగా ఎదురు చెప్పితి. "నాకు పట్టు వద్దు, కార్డు కావాల. మీరు పోయి అడిగి రాండి" అంటి. "బడికి లీవు దొరకలేదు, వచ్చేవారం పోతా" అన్నాడు. మళ్ళీ ఆసుపత్రోళ్ళను తిట్టినాడు. ఆ పొద్దు నాకన్నా ఆయనే ఎక్కువ తిట్టినాడు.

రెండు దినాలకు బీబీ వచ్చింది. మధ్యాన్నం. మా బిడ్డ బడిలో ఉంది. బీబీ వాకిట్లో కూర్చోని, కొంగు వేలికి చుట్టుకుంటా విప్పుకుంటా ఏదో అడగలేక అడిగినట్ల, "అక్కా, కోపం చేసుకోవద్దు. నువ్వట్లా భయపడితే ఎట్లా? బిడ్డ మొహం చూసైనా పోరాదా" అనింది.

"యాడికి పోవాల?"

"ఆసుపత్రికి. రెండోసారి కూడా పిలిచినారంట గదా. పంతులు ఎంత చెప్పినా నువ్వు పోనంటాండావంట. పాపం ఆయన మిషన్ కాడ కూర్చోని మా ఆయనతో చెప్పి కండ్లనీళ్ళు పెట్టుకున్నాడంట."

నాకు ముందు అర్థం కాలేదు. ఎవరి సంగతో చెప్తాందనుకుంటి. "రెండోసారేంది బీబీ? ఒకసారే పిలవలేదు" అంటి.

బీబీ వేలికి చుట్టుకున్న కొంగు వదిలేసింది. లేచి పోబోయింది. చెయ్యి పట్టుకోని కూర్చోబెట్టినాను. అప్పుడు చెప్పింది. పోస్టాయప్ప రెండుసార్లు బడి గేటు కాడ కార్డు ఇచ్చినాడంట. ఇచ్చేముందు చదివినాడంట, కార్డు ఎవరైనా చదవచ్చు గదా. సాయిబూ విన్నాడంట. మొదటిది నెల కిందట, రెండోది పోయిన వారం. పంతులు భార్య భయపడి ఆపరేషన్ వద్దంటాందని వీధి వీధంతా తెలుసంట. బాయికాడ నేను ఎడమచేత్తో చేదుకుంటాంటే ఆడోళ్ళు చూసి చూసి తల తిప్పుకునేది ఎందుకో అప్పుడు తెలిసింది నాకు. నాకు రాసిన కార్డు ఊరంతా చదివింది, నేను తప్ప.

ఆయన కండ్లనీళ్ళు, ఆయన తిట్లు, పీట మీద కూర్చోని నేను పెట్టిన అన్నం తింటా "రాలేదు" అన్న మాట, అన్నీ ఒక్కొక్కటే కండ్ల ముందరికి వచ్చినాయి. వాకిట్లోనే కక్కుకుంటిని. బీబీ నా వీపు నిమురుతా ఆమె కూడా ఏడిచింది.

ఆయన ఇంటికొచ్చినాక అడగలేదు. అడిగితే ఇంకొక అబద్ధం చెప్తాడు, నేను ఇంకొకసారి నమ్ముతా. నా మీద నాకే నమ్మకం లేదు. "వచ్చిందా?" అని రోజూ అడిగినట్లే అడిగితి. ఆయన రోజూ చెప్పినట్లే "రాలేదు" అన్నాడు. నా కండ్లలోకి చూసే చెప్పినాడు. అన్నం పెట్టినాను.

తెల్లారి ఆయన బడికి పోయినాక, రెండు రవికలు, ఒక కోక గుడ్డసంచిలో పెట్టుకుంటిని. బిడ్డను బీబీ వాళ్ళత్త దగ్గర వదిలినాము. బీబీ బురఖా వేసుకోని నాతోపాటు వచ్చింది. "మా ఆయన తిడితే తిట్టనీ" అనింది. ఎవరినీ అడగకుండా నేను బస్సెక్కింది బతుకులో అదే మొదటిసారి. ముద్దనూరులో బస్సు మారినాము. దావంతా ఒకటే ఆలోచన. ఆయనకేమన్నా పిచ్చి పట్టిందా, లేకపోతే నేను సచ్చిపోతే బాగుండుననుకున్నాడా. ఇంత పని చేసినా గూడా ఆయన్ను వెనకేసుకొచ్చేదానికి ఏదో ఒకటి వెతుక్కుంటానే ఉంటిని. థూ అనుకుంటి నన్ను నేనే.

డాక్టరమ్మ నన్ను చూసి లేచి నిలబడింది. "మనసు మార్చుకున్నావా?" అనింది.

"నేను మనసు మార్చుకునేదేముందమ్మా. నాకు కార్డులే చేరలేదు" అంటి.

ఆమె బీరువాలోనించి నా కాగితాల కట్ట తీసి, దాంట్లోంచి ఒక ఉత్తరం నా ముందర పెట్టింది. "మరి ఇది?"

మీరు పంపిన రెండు కార్డులు అందినవి, నాకు ఆపరేషను చేయించుకొనుటకు ఇష్టము లేదు, నా పేరు కొట్టివేయవలసినది, ఇకమీదట కార్డులు పంపవద్దని కోరుచున్నాను అని రాసి ఉంది. అక్షరాలు మా ఆయనవి కావు. నావి. కుదురుగా పెట్టబోయి వంకరపోయినట్ల, నేను రాసినట్లే. కింద నా సంతకం. చివరి అక్షరం తోక ఎడమపక్కకు పొడుగ్గా లాగి ఉంది.

నేను రాసిచ్చిన కార్డు ముందర పెట్టుకోని చూసి రాసినాడేమో అనుకుంటి ముందు. ఆ అవసరమే లేదు. నాకు ప్రతి అక్షరం నేర్పించింది ఆయనే. నా చెయ్యి ఎట్లా పోతాదో నాకన్నా ఆయనకే బాగా తెలుసు. దొంగసంతకం అని నేనంటే ఎవరు నమ్ముతారు? నాకే అనుమానమొచ్చింది, నేనే ఎప్పుడన్నా రాసిచ్చినానా అని.

"ఇది నేను రాయలేదు" అంటి. బీబీ పక్కనించి, "అల్లా తోడు, ఆమె రాయలేదమ్మా" అనింది. డాక్టరమ్మ ఉత్తరాన్ని, నన్ను చూసి, దాన్ని మళ్ళీ కట్టలో పెట్టేసింది. మంచం మీద పడుకోమని తాకి చూసింది. పట్టు మచ్చలు చూసి ఇదేందని అడిగింది. చంకలో శానాసేపు వెతికింది. "ఇక్కడ ఒకటి మొదలైంది" అనింది. "ఇంకా మించిపోలేదు. కానీ మొదటి కార్డుకే వచ్చింటే ఇంత లోతుగా కోసే పని ఉండేది కాదు." పెద్ద డాక్టరు ఇంకా నాలుగు దినాలే ఉంటాడని, రావాల్సిన ఒకామె రాలేదని, ఆ మంచం నాకిస్తానని చెప్పింది. ఇట్లాంటి ఉత్తరమొకటి ఉంది కాబట్టి, ఈసారి నాతోపాటు ఇంటోళ్ళు ఒకరు కూడా సంతకం పెట్టాలనింది. మా అమ్మను పిలిపించమంటి. ప్రొద్దుటూరుకు పోయే బస్సు డ్రైవరుతో బీబీ కబురు పెట్టి, మళ్ళీ మాపటి బస్సుకు పులివెందులకు పోయింది, బిడ్డను చూసుకునేదానికి.

మా అమ్మ మరుసటి దినం పొద్దన్నే వచ్చింది. ఉత్తరం సంగతి చెప్తే నమ్మలేదు. "అల్లుడు అట్లాంటోడు కాదే" అనింది. అల్లుడు కూడా ఆ మధ్యాన్నమే వచ్చినాడు. చొక్కా చెమటకు తడిసిపోయి, జోబీకి ఎప్పుడూ పెట్టుకునే పెన్ను పెట్టుకోని, వరండాలో నా మంచం కాడికి వచ్చి నిలబడినాడు. మా అమ్మ అప్పుడు ఆయన మొహం చూసి నమ్మింది.

"ఎందుకు చేసినారు?" అంటి.

"పట్టుతో కరుగుతాదనుకున్యా. ఒక్క నెల చూస్తామనుకున్యా."

"ఎందుకు చేసినారని అడుగుతాండా."

నేల చూస్తా చెప్పినాడు. "కోసినాక నిన్ను అట్లా చూడలేననిపించింది."

"అట్లా అంటే?"

ఆయన జోబీలో పెన్ను సర్దుకున్నాడు. పక్క మంచం ఆమె కూడా వినాలని గొంతెత్తి అడిగితి. "నేను పాడె మీద ఉంటే చూడగలిగేవాడివా నువ్వు?" ఆయన్ను నువ్వు అన్నది అదే మొదలు. మా అమ్మ కూడా నన్ను వారించలేదు. ఆయన రెండు చేతులతో మొహం మూసుకోని ఏడిచినాడు. గండిలో ఏడిచినట్లే భుజాలు అదిరినాయి. ఆ పొద్దు నేను ధైర్యం చెప్పింటి. ఈసారి గోడ చూస్తా కూర్చుంటిని. నా మీద ప్రేమ ఉందని నేను ఈ పొద్దుకీ కాదనను. ఆ ప్రేమ నేను బతికేదానికంటే ఆయన కండ్లకు ఎక్కువ విలువిచ్చింది, అంతే.

మాపటేళ నర్సమ్మ కాగితం తెచ్చింది. మొగుడు వచ్చినాడు గదా అని ఆయన వైపు చాపింది. ఆయన జోబీలో పెన్ను తీసినాడు.

"ఆయప్పకు ఇయ్యొద్దండి" అంటి. "మా అమ్మ ఏస్తాది."

నర్సమ్మ ఇంకు డబ్బా తెచ్చింది. మా అమ్మ సంఘంలో ఏసినట్లే ఎడమ బొటనవేలు అద్ది, చూపించిన చోట ముద్ర ఏసింది. తర్వాత నర్సమ్మ నా చేతికి పెన్ను ఇచ్చింది. నేను తీసుకోలేదు. మా అమ్మ ముందరి ఇంకు డబ్బా నా వైపు లాక్కుంటిని.

"నీకు సంతకం వచ్చు గదమ్మే" అనింది మా అమ్మ.

"వచ్చు. ఈయప్పకు కూడా వచ్చు నా సంతకం" అంటి. ఎడమ బొటనవేలు ఇంకులో అద్ది, మా అమ్మ ముద్ర పక్కన ఏసినాను. మా ఆయన పెన్ను మూత పెట్టి జోబీలో పెట్టుకున్నాడు.

ఆపరేషన్ మరుసటి దినం చేసినారు. ఆరు వారాలు ఆడనే ఉంటి, తర్వాత ప్రొద్దుటూరులో మూడు నెలలు. బీబీ కుట్టిన రవికలు అరిగి చినిగేదాకా వేసుకుంటిని. కుడిచెయ్యి భుజం పైకి ఈ పొద్దుకీ లేయదు. డాక్టరమ్మ చెప్పినట్లే మనవళ్ళను ఎత్తుకుంటిని, ఎడమచేత్తో. మా ఆయన కాడికి తిరిగి పోయినాను. యాడికి పోవాల? బిడ్డ ఉంది. పోయినాక ఆయన నన్ను బాగానే చూసుకున్నాడు, నీళ్ళు చేదినాడు, వంట నేర్చుకున్నాడు, నా మచ్చకు నూనె రాసినాడు. ఆయన చెప్పేది మాత్రం ఏదీ మళ్ళీ ఊరికే నమ్మలేదు నేను. వాన పడతాందంటే కూడా వాకిట్లోకి పోయి చూసేదాన్ని.

సంతకం ఆ తర్వాత పెట్టలేదు. బిడ్డ పెండ్లి కాగితం కాడ, ఓటు కాడ, ఇంటి రిజిస్ట్రీ కాడ, అన్నింటికీ వేలిముద్రే. రాసేదంటే ఇట్లా నాకోసం రాసుకునేదే. పంతులు భార్యవి, సంతకం రాదా అని గుమాస్తాలు నవ్వుతారు. ఆయన నా పక్కనే నిలబడి ఉంటాడు. డబ్బా మూత తీసి, నా వేలికి అందేటట్ల పట్టుకునేది ఆయనే.